సహారా పచ్చబడినప్పుడల్లా జనం కదిలారా? ‘పంపు’ లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ తప్పుతుంది

మీ ప్రశ్న ఇది: సహారా ఇరవై వేల ఏళ్లకోసారి పచ్చబడి జనాన్ని లోపలికి లాగుతుందని, ఎండగానే బయటికి తోస్తుందని, మనిషి ఆఫ్రికా దాటింది కూడా ఈ ‘సహారా పంపు’ వల్లేనని చదివారు. అది ఎంతవరకు నిజం, ఫలానా వలసకు ఫలానా వాతావరణమే కారణమని ఎలా చెప్పగలం అని అడిగారు.

లాగడం వరకు ఆధారాలు గట్టివే. తోయడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. వానలు తగ్గగానే జనం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోలేదు. ముందు నీళ్లు మిగిలిన చోటికి చేరారు. తిండి మార్చుకున్నారు, బావులు తవ్వారు, మందలు పెంచారు. ఇవన్నీ చాలనప్పుడే ఊరు వదిలారు. అందుకని సహారా అంతటికీ కలిపి ఒకే గ్రాఫ్ గీసి దాని మీద వలస బాణాలు వేయకండి. ఏ పల్లం, ఏ సరస్సు, అక్కడ నీళ్లు ఏ శతాబ్దం దాకా నిలిచాయి అన్నదాన్ని బట్టే లెక్క కట్టాలి.

ముందు చక్రం సంగతి. భూమి అక్షం ఊపు తగ్గిన బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంది. కక్ష్య కూడా నెమ్మదిగా తిరుగుతుంటుంది. ఈ రెండూ కలిసి, భూమి ఏ నెలలో సూర్యుడికి దగ్గరగా వస్తుందన్నది సుమారు 19,000 నుంచి 23,000 ఏళ్లకో చుట్టు తిరిగి వస్తుంది. ఇప్పుడు జనవరి మొదటి వారంలో సూర్యుడికి 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం, జులైలో 15.2 కోట్లు. దాదాపు 11,000 ఏళ్ల కిందట ఇది తిరగబడి ఉండేది. ఉత్తరార్ధగోళంలో వేసవి ఎండ ఇప్పటికంటే 7-8 శాతం ఎక్కువ పడేది. సహారా నేల మరింత కాగి, దాని మీద అల్పపీడనం బలపడి, గినియా సింధుశాఖ వైపు నుంచి తేమగాలి ఇంకా ఉత్తరానికి వెళ్లేది. మన నైరుతి రుతుపవనం పనిచేసే తీరు కూడా ఇదే. ఆ కాలంలో అదీ బలపడింది.

అయితే ఎండ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే వాన అంత ఉత్తరానికి చేరదు. వాతావరణ నమూనాలలో పదేపదే బయటపడిన సంగతి ఇది. వట్టి ఇసుక ఎండను వెనక్కి కొడుతుంది. గడ్డి మొలిస్తే నేల నల్లబడి వేడిని పట్టుకుంటుంది, ఆకుల నుంచి తేమ మళ్లీ గాలిలో కలుస్తుంది, దుమ్ము లేవడం తగ్గుతుంది. గడ్డి వానను పిలుస్తుంది, వాన గడ్డిని పెంచుతుంది. పశ్చిమ సహారా తీరం దగ్గర సముద్రపు అడుగు మట్టిలో దొరికిన ఆకుమైనం లోని బరువైన, తేలికైన హైడ్రోజన్ రకాల నిష్పత్తిని కొలిచి ఆనాటి వాన లెక్క కట్టారు: ఏటా 250 నుంచి 1,670 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. హైదరాబాద్ సగటు 800 మిల్లీమీటర్ల చిల్లర. ఇప్పుడు సహారాలో చాలా భాగానికి వంద మిల్లీమీటర్లు కూడా పడవు.

చక్రం వచ్చిన ప్రతిసారీ ఒకే బలంతో రాదు. కక్ష్య ఎంత కోడిగుడ్డులా సాగి ఉంటే బొంగరపు తిరుగుడు ప్రభావం అంత ఎక్కువ. 1,25,000 ఏళ్ల కిందట కక్ష్య సాగుదల ఇప్పటికి రెట్టింపు పైనే ఉంది. అందుకే అప్పటి పచ్చదనం మొన్నటి 11,000 ఏళ్ల నాటి దానికంటే బలమైనది. ఉత్తరాన మంచు పలకలు పెరిగి ఉన్న కాలాల్లో చక్రం వచ్చినా పచ్చదనం రాకపోవచ్చు, వచ్చినా పేలవంగా వస్తుంది. గత 80 లక్షల ఏళ్లలో సహారా 230 సార్లకు పైగా పచ్చబడిందని లెక్క తేలింది గాని, వాటిని అచ్చుగుద్దినట్టు ఒకటే అనుకోకూడదు. ఇంకొకటి: దక్షిణార్ధగోళంలో ఈ చక్రం తలకిందులు. సహారాకు వాన పెరిగితే దక్షిణాన తగ్గుతుంది. 1,35,000 నుంచి 75,000 ఏళ్ల మధ్య కొన్ని దశల్లో మలావీ సరస్సు మట్టం ఇప్పటికంటే కనీసం 600 మీటర్లు పడిపోయింది. ‘ఆఫ్రికా ఎండింది’, ‘ఆఫ్రికా తడిసింది’ అని రాసిన వాక్యం కనబడితే ఏ ఆఫ్రికా అని అడగండి.

ఈ చక్రాన్ని కంటితో చూడాలంటే మధ్యధరా సముద్రపు అడుగు నుంచి తీసిన మట్టి కడ్డీ చూడాలి. లేత రంగు బురద మధ్య అక్కడక్కడా నల్లటి పట్టీలు ఉంటాయి. వాటిని సాప్రోపెల్ అంటారు. ఆఫ్రికాలో వానలు ఎక్కువైతే నైలు మంచినీళ్లు విపరీతంగా వచ్చి ఉప్పునీటి మీద తేలతాయి. బరువు తక్కువ కాబట్టి అవి కిందికి దిగవు. పైనుంచి గాలి అడుగుకు చేరదు. కింద ఆక్సిజన్ లేక, రాలిన జీవపదార్థం కుళ్లకుండా నల్లగా పేరుకుంటుంది. చివరి పట్టీ 10,800 నుంచి 6,100 ఏళ్ల కిందటిది. ఇంకా కిందికి వెళ్తే 1,25,000 ఏళ్ల ప్రాంతపు పట్టీ మరింత నల్లగా కనిపిస్తుంది. పైన చెప్పిన కక్ష్య లెక్కకు ఇంతకంటే చక్కని సాక్ష్యం లేదనే చెప్పాలి.

చివరి తడికాలం సుమారు 14,800 ఏళ్ల కిందట మొదలై, మధ్యలో 12,900 నుంచి 11,700 దాకా చలితో తెగి, మళ్లీ అందుకుని 5,500 ఏళ్ల ప్రాంతంలో ముగిసింది. చాద్ సరస్సు దాదాపు 3.5 లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా 2.75 లక్షలే. ఈ రోజు చాద్‌లోని బోడెలే పల్లంలో తెల్లటి దుమ్ముగా లేస్తున్నది ఆ సరస్సు అడుగున చేరిన డయాటమ్‌ల (గాజులాంటి పెంకున్న సూక్ష్మ నాచు) మట్టే. నైజీరియాలోని దుఫునాలో 1987లో బావి తవ్వుతుంటే బయటపడిన 8.4 మీటర్ల పడవ సుమారు 8,000 ఏళ్లది.

ఇక జనం. ఎండుతున్న చోట మనుషులు ఏం చేశారో ఒకేచోట పొరలు పొరలుగా చూడాలంటే నైరుతి లిబియాలోని తకర్కొరి రాతిగూడు మంచిది. అక్కడ దొరికిన ఎముకల్లో 10,200 నుంచి 8,000 ఏళ్ల కిందటి పొరల్లో దాదాపు 90 శాతం చేపలవే. 5,900 నుంచి 4,650 ఏళ్ల మధ్యకు వచ్చేసరికి అవి 40 శాతానికి పడ్డాయి, పశువుల ఎముకలు పెరిగాయి. చేపల్లోనూ రెండు రకాలు, తిలాపియా, క్యాట్‌ఫిష్. ముందు తగ్గింది తిలాపియా. క్యాట్‌ఫిష్ గాలి పీల్చగలదు, వెచ్చబడిన లోతులేని మడుగులోనూ బతుకుతుంది. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు బురదలో చివరిదాకా ఏ చేప మిగులుతుందో పల్లెల్లో పెరిగినవారికి తెలుసు. అంటే ఆ ఎముకల కుప్పలో నీటిమట్టం దిగిన తీరు రాసి ఉంది. ఆ జనం మాత్రం అక్కడే ఉన్నారు. అక్కడి 7,000 ఏళ్ల నాటి కుండల లోపలి గోడల్లో పాలకొవ్వు దొరికింది. ఎండుతున్న నేలలో చేప నుంచి పాలకు మారారు. వలస అన్న మాట చివరికి గాని రాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ నైజర్‌లోని గొబేరో, ఒక పాత సరస్సు ఒడ్డు. 2000లో బయటపడిన ఈ శ్మశానంలో సుమారు 200 సమాధులున్నాయి. 9,700 నుంచి 8,200 ఏళ్ల మధ్య పొడగరి వేటగాళ్లు, ఎముక బల్లేలతో చేపలు పట్టినవారు, తమవారిని ఇక్కడ పాతిపెట్టారు. తర్వాత దాదాపు వెయ్యేళ్లు ఎవరూ లేరు, సరస్సే ఎండిపోయింది. నీళ్లు తిరిగొచ్చాక 7,200 నుంచి 4,500 ఏళ్ల మధ్య వేరే శరీర నిర్మాణం, వేరే పనిముట్లు ఉన్న మనుషులు అదే ఒడ్డున స్థిరపడ్డారు. వాళ్లలో ఒక బాలిక చేతికి నీటిగుర్రం కోరతో చేసిన కడియం ఉంది. ఇక్కడ చిన్న సరస్సు తప్ప వేరే ఆధారం లేదు, అది పోతే ఊరు పోయింది. తకర్కొరి కొండల్లో సందుసందుకూ నీరు నిలిచే చోటు ఉంది. రెండింటికీ ఒకే కరువు వచ్చినా ఫలితం వేరు. అందుకే పల్లం పల్లానికీ విడిగా లెక్క కట్టమన్నది.

తూర్పు సహారాలో, అంటే ఈజిప్టు, సూడాన్ పడమటి ఎడారిలో, సుమారు 150 తవ్వకాలు, దాదాపు 500 రేడియోకార్బన్ తేదీలు (చనిపోయిన జీవిలో మిగిలిన కార్బన్-14ను కొలిచి కట్టిన వయసులు) కలిపి 2006లో గీసిన పటం ఈ విషయంలో అన్నిటికంటే స్పష్టమైనది. క్రీ.పూ. 8500 ప్రాంతంలో వానలు రాగానే కొన్ని శతాబ్దాల్లోనే జనం ఎడారంతా పరుచుకున్నారు. అదే సమయంలో నైలు లోయలో ఆనవాళ్లు చాలా తక్కువ. వరదలు, బాడవలతో అది అప్పట్లో కాపురానికి పనికొచ్చే నేల కాదు. క్రీ.పూ. 5300 నుంచి వాన వెనక్కి తగ్గడం మొదలైంది. జనం ముందు గిల్ఫ్ కెబీర్ లాంటి ఎత్తు ప్రదేశాలకు, పెద్ద వాగుల వెంబడి, దక్షిణంగా సూడాన్‌కు, తూర్పున నైలుకు జరిగారు. క్రీ.పూ. 3500 నాటికి ఈజిప్టు ఎడారి ఖాళీ. క్రీ.పూ. 3100 ప్రాంతంలో ఫారోల రాజ్యం నిలబడింది. ‘ఎడారే ఈజిప్టును కన్నది’ అనే మాట ఇక్కడి నుంచి వచ్చింది. దాన్ని కొంచెం తగ్గించి చెప్పడం న్యాయం: తరలింపు మొదలైన రోజుకూ రాజ్యం నిలిచిన రోజుకూ మధ్య రెండువేల ఏళ్లున్నాయి. ఆ మధ్యలో పశ్చిమాసియా నుంచి వచ్చిన గోధుమ, బార్లీ, నైలు ఒడ్డు సేద్యం, వర్తకం అన్నీ ఉన్నాయి.

అబూ సింబెల్‌కు పడమట సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని నబ్తా ప్లాయా చూస్తే జనం ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నారో తెలుస్తుంది. వానాకాలంలో నిండి తర్వాత ఎండిపోయే కుంట అది. ఎండిన నెలల కోసం అడుగులో లోతైన, దిగి నీళ్లు తోడుకునే వెడల్పాటి బావులు తవ్వారు. వాగు ఇసుకలో చలమ తీసే తెలివే, ఇంకా లోతుగా. అడవి జొన్న గింజల్ని గోతుల్లో దాచుకున్నారు. ఆవుల్ని రాళ్ల గుట్టల కింద సమాధి చేశారు.

దక్షిణంగా జరిగినవారి కథ మన కంచం దాకా వస్తుంది. సహారా దక్షిణపు అంచు ఎండుతుండగా మాలిలోని తిలెమ్సీ లోయలో 4,500 ఏళ్ల కిందటికే సజ్జను సాగుచేశారు. 300 మిల్లీమీటర్ల వానకు పండే పంట ఎడారి అంచునే పుట్టడంలో వింత లేదు. జొన్న తూర్పు సూడాన్ పచ్చికల్లో అయిదువేల ఏళ్ల కిందటే పొలానికి వచ్చింది. ఈ రెండూ సుమారు 3,500 ఏళ్ల నాటికి భారత ఉపఖండానికి చేరాయి. రాయలసీమ, తెలంగాణ మెట్టపొలాల్లో ఇన్నాళ్లూ జొన్నరొట్టె, సజ్జసంకటి పెట్టిన గింజలు ఆ ఎండిన అంచుల నుంచి వచ్చినవే.

జన్యువులు ఏం చెబుతాయి? రెండు రకాల సాక్ష్యం ఉంది, అవి ఒకదానికొకటి సరిగ్గా అతకవు. ఇప్పటి మగవాళ్ల వై-క్రోమోజోమ్‌లో సహారాకు ఇటూ అటూ ఉన్నవారు పంచుకున్న నాలుగు శాఖలున్నాయి. వాటి కొమ్మలు విడిపోయిన కాలం పచ్చకాలంతో కలుస్తుంది. అంటే రాకపోకలు జరిగాయి. 2025లో తకర్కొరిలోని 7,000 ఏళ్ల నాటి ఇద్దరు స్త్రీల డీఎన్ఏ చదివితే మాత్రం, వాళ్ల వంశంలో ఎక్కువ భాగం సుమారు 50,000 ఏళ్ల కిందటే సహారాకు దక్షిణాన ఉన్నవారి నుంచి విడిపోయిన ఉత్తరాఫ్రికా శాఖ అని, దక్షిణపు కలయిక చాలా తక్కువని తేలింది. మొరాకోలోని తఫొరాల్ట్ గుహలో 15,000 ఏళ్ల కిందట బతికిన వేటగాళ్లకు వాళ్లు దగ్గరి బంధువులు. మందలు, కుండలు అక్కడికి చేరింది ఎక్కువగా నేర్చుకోవడం వల్ల, పెద్ద జనసమూహం తరలిరావడం వల్ల కాదని దీనర్థం. దారి తెరుచుకున్నంత మాత్రాన అందరూ నడిచారని అనుకోకూడదనడానికి ఇంతకంటే బలమైన ఆధారం నాకు కనబడదు.

ఇప్పుడు మీ అసలు సందేహం, ఆఫ్రికా దాటడం. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో 3,15,000 ఏళ్ల నాటి హోమో సేపియన్స్ ఉన్నారు. కాబట్టి మన జాతి ఒక మూలన పుట్టి సహారా తెరుచుకునేదాకా కాచుకుని కూర్చుందనే పాత బొమ్మ చెల్లదు. 1,25,000 ఏళ్ల ప్రాంతపు గొప్ప తడికాలానికి సరిపడా ఆనవాళ్లు బయట కూడా ఉన్నాయి. ఇజ్రాయెల్‌లోని స్ఖూల్, కఫ్జే గుహల మనుషులు 1,20,000 నుంచి 90,000 ఏళ్ల వారు. సౌదీ నెఫూద్ ఎడారిలో పాత సరస్సు ఒడ్డున 1,20,000 ఏళ్ల నాటి పాదముద్రలు, అల్ వుస్తాలో సుమారు 85,000 ఏళ్ల కిందటి వేలి ఎముక దొరికాయి. ఇక్కడిదాకా పంపు లెక్క కుదురుతుంది.

చిక్కు తర్వాతి అంకంలో ఉంది. ఈ రోజు ఆఫ్రికా బయట ఉన్న మనందరి వంశం ప్రధానంగా 70,000 నుంచి 50,000 ఏళ్ల మధ్య బయటపడినవారిది. ఏడెన్ సింధుశాఖ అడుగు మట్టి ఆ కాలానికి తూర్పాఫ్రికా కొమ్ము చల్లగా, పొడిగా ఉందని చెబుతోంది. గొప్ప తడికాలంలో వెళ్లినవారి వంశం మనలో దాదాపు మిగల్లేదు, మన పూర్వీకులేమో పొడికాలంలో కదిలారు. ఎర్ర సముద్రపు తీరం వెంబడి చిన్న ఊటలు చాలినంత ఉన్నాయా, పనిముట్లు, సంబంధాలు మెరుగుపడి పొడినేలను దాటగలిగారా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఏదైనా ‘తడి వచ్చింది, కాబట్టి వెళ్లారు’ అని ఈ వలసకు రాయొద్దు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన తోబా అగ్నిపర్వతపు బూడిదకు కిందా పైనా దొరికిన రాతి పనిముట్లు ఈ చర్చలో ప్రతిసారీ వస్తాయి. ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు కాబట్టి అవి చేసింది ఎవరన్నది తేలలేదు. వాటిని తొలి వలసకు రుజువుగా పటంలో పెట్టకండి.

చివరగా, తేదీలు సరిపోల్చేటప్పుడు తప్పు జరిగే చోట్లు. అన్నిటికంటే ఎక్కువ జరిగేది సవరించని (గాలిలో కార్బన్-14 కాలాన్ని బట్టి మారినదాన్ని లెక్కలోకి తీసుకోని) రేడియోకార్బన్ తేదీని క్యాలెండర్ తేదీ పక్కన పెట్టడం. సవరించని 10,000 అంటే అసలు 11,450 ఏళ్లు. 8,000 అంటే దాదాపు 8,900. 5,000 అంటే 5,700 పైన. పాత పుస్తకాల్లో నబ్తా జొన్న గోతులు ‘8,000 ఏళ్లవి’, కొత్తవాటిలో ‘9,000 ఏళ్లవి’ అని ఉంటుంది, రెండూ ఒకటే. ‘బీపీ’ అని ఉంటే 1950 నుంచి వెనక్కి లెక్క.

తర్వాత, ఏ పదార్థానికి తేదీ కట్టారో చూడండి. సున్నపురాతి నీటిలో పెరిగిన నత్తగుల్లలో పాత కార్బన్ చేరి తేదీ వందల ఏళ్లు వెనక్కి పోతుంది. ఎడారిలో ఎండిన కట్టె శతాబ్దాలు చెడకుండా పడి ఉంటుంది, దాన్ని ఏరి వంట చేస్తే బొగ్గు తేదీ వంట తేదీ కంటే పాతది అవుతుంది. నిప్పుకోడి గుడ్డు పెంకు వీటికంటే నమ్మకమైనది. 50,000 ఏళ్లకు పైన రేడియోకార్బన్ పనికిరాదు, ఇసుక రేణువు చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని కొలిచే పద్ధతి వాడాలి. అందుకే ఆ నమూనాను లోహపు గొట్టం దిగ్గొట్టి చీకట్లోనే తీస్తారు. రేణువులు పూడుకునే ముందు ఎండ సరిగా తగలకపోతే వయసు ఎక్కువ చూపిస్తుంది.

సరస్సు తేదీని వాన తేదీగా తీసుకోవడం ఇంకో పొరపాటు. చాద్ ఉత్తరాన ఉన్న యోవా సరస్సులో ఏటా ఆరు మీటర్ల నీరు ఆవిరవుతుంది, వాన దాదాపు లేదు, అయినా అది ఈ రోజుకూ నిండుగా ఉంది. తడికాలంలో ఇంకిన భూగర్భజలం దాన్ని నింపుతోంది. తడికాలం ముగింపు హఠాత్తుగా వచ్చిందా మెల్లగా వచ్చిందా అన్న పాత తగవుకు సగం కారణం ఇదే: మారిటానియా తీరపు దుమ్ము పొరలు 5,500 ఏళ్ల దగ్గర ఒక్కసారిగా లేస్తాయి, యోవా పొరలేమో మెల్లగా మారుతూ వస్తాయి.

గాలి చేసే మోసం కూడా గుర్తుంచుకోండి. సహారాలో గాలి మెత్తటి మట్టిని ఊడ్చుకుపోతుంది, రాతి పనిముట్లు అక్కడే కిందికి దిగి ఒకే తలం మీద చేరతాయి. లక్ష ఏళ్ల నాటి అతేరియన్ (ఉత్తరాఫ్రికా పాతరాతియుగపు తీరు) మొన, ఆరువేల ఏళ్ల నాటి బాణం ములుకు పక్కపక్కన పడి ఉంటాయి. అవి కలిసి దొరికాయంటే కలిసి వాడారని కాదు. నైలు లోయలో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది: ఏటేటా వరద వేసిన వండ్రు మీటర్ల మందాన పేరుకుంది, డెల్టాలో మరీ ఎక్కువ. ఎడారి ఖాళీ అయిన కాలానికి ముందు లోయలో మనుషులు తక్కువని పైన రాశాను. అందులో కొంత నిజమైన ఖాళీ, కొంత వండ్రు కింద పూడిపోయినది. తేదీలతో పట్టిక వేసుకుంటే ఆ గడిని ఖాళీగా వదిలేయండి, సున్నా వేయకండి.